సిపాయిలు ఖాళీ చేసిన గదుల్లో కళాకారులకు విడిది

మా విజయనగరంలో కోట మాట వస్తే కబురు ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతుంది. పాత కట్టడాలు బాగుచేయాలి అంటే అందరూ ఔనంటారు. బాగుచేశాక లోపల ఏం పెడదాం అంటే మాత్రం మ్యూజియం అని ఒకరు, హోటల్ అని ఒకరు, ఫంక్షన్ హాల్ పెడితే అద్దెలైనా వస్తాయని ఇంకొకరు. నాలుగో జవాబు ఒకటుంది. చాలా దేశాల్లో దశాబ్దాలుగా నడుస్తోంది, మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సైన్యం వదిలేసిన భవనాన్ని మరమ్మతు చేసి, ఎక్కడెక్కడి నుంచో కళాకారుల్ని పిలిచి, నెలో రెండు నెలలో అక్కడే ఉండి మీ పని మీరు చేసుకోండి అనడం. ఇంగ్లీషులో ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటారు. నాకైతే విడిది అన్న మాటే దీనికి బాగా అతుకుతుంది. మగపెళ్లివారికి మనం విడిది ఇచ్చినట్టే, ఇల్లు, మంచం, భోజనం, వేణ్ణీళ్లు అన్నీ మన పూచీ, వచ్చిన పని మాత్రం వాళ్లది.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ ఇందులో మూడు పనులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. పాత కట్టడాన్ని ఎంతవరకు బాగుచేయాలి అన్నది ఒకటి. యుద్ధం కోసం కట్టినదాన్ని ఇంకో పనికి ఎలా వాడాలి అన్నది రెండోది. బయటి నుంచి వచ్చిన మనిషికీ ఊరికీ మధ్య ఏం జరగాలి అన్నది మూడోది. మామూలుగా మొదటిది కాంట్రాక్టరుకీ, రెండోది ఆఫీసరుకీ, మూడోది ఎవరో సాంస్కృతిక కమిటీకీ అప్పజెప్పేస్తారు. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చాలాచోట్ల ఈ పని చెడేది అక్కడే అని నా నమ్మకం, ఎందుకో చెప్తాను.

ముందు బాగా కుదిరిన ఒక చోటు చూద్దాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే సముద్రం ఒడ్డున మారిన్ హెడ్‌ల్యాండ్స్ అనే కొండలొస్తాయి. రేవుని కాపాడటానికి అమెరికా సైన్యం ఆ కొండల్లో ఫిరంగులు పెట్టింది, తర్వాత క్షిపణులు కూడా పెట్టింది. అక్కడి ఫోర్ట్ బారీలో సిపాయిల కోసం 1907లో కట్టిన బ్యారక్‌లున్నాయి. సైన్యానికి వాటి అవసరం తీరిపోయాక ఆ కొండలన్నీ జాతీయ పార్కుల శాఖ చేతికి వచ్చాయి. 1982లో అక్కడ హెడ్‌ల్యాండ్స్ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ మొదలైంది. భవనాలు సర్కారువే, నడిపేది మాత్రం లాభాపేక్ష లేని ఒక సంస్థ. ఈ ఏర్పాటు గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఆ బ్యారక్‌ని బాగుచేసే పనిని వాళ్లు మామూలుగా టెండరు పిలిచి కాంట్రాక్టరు చేతిలో పెట్టేసి ఊరుకోలేదు. 1986లో డేవిడ్ ఐర్లండ్ అనే కళాకారుడికి అప్పజెప్పారు. ఆయన తన మనుషులతో కూర్చుని, ఏళ్ల తరబడి సైన్యం ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయిన రంగుల పొరల్ని గీకించాడు. కింద నుంచి అచ్చుపోసిన రేకుల సీలింగు బయటపడింది, గోడల పాత పూత బయటపడింది, దాంతోపాటు మరకలు, గీతలు, అతుకులు కూడా బయటపడ్డాయి. వాటిని మళ్లీ కప్పెయ్యలేదు, అలాగే ఉండనిచ్చాడు. లోపలికి వచ్చినవాళ్లకి ఇది కొత్త భవనంలా కనబడదు, పాడుబడ్డదానిలా కూడా కనబడదు. ఇక్కడ చాలామంది చాలాకాలం ఉన్నారు అన్న సంగతి మాత్రం తెలిసిపోతుంది.

మూడేళ్లకి, 1989లో, సిపాయిలు తినే మెస్సునీ వంటిల్లునీ ఆన్ హామిల్టన్ అనే ఇంకో కళాకారిణికి ఇచ్చారు. ఈ రోజుకీ ఆ సంస్థకి గుండెకాయ ఆ భోజనాల గదే. ఏ గదిలో వాళ్లు ఆ గదిలో పగలంతా పని చేసుకుంటారు, సాయంత్రం అందరూ ఆ బల్లల దగ్గరికొస్తారు. వంట చేసి పెట్టేవాళ్లు ఉంటారు. చిత్రకారుడి పక్కన కవి, ఆ పక్కన సంగీతం కట్టేవాడు కూర్చుంటారు. ఏడాదిలో కొన్నిసార్లు తలుపులు తెరిచి ఊళ్లోవాళ్లని రమ్మంటారు. అప్పుడు ఆ స్టూడియోల్లోకి ఎవరైనా వెళ్లి సగంలో ఉన్న పని చూడొచ్చు, చేస్తున్న మనిషితో నేరుగా మాట్లాడొచ్చు.

దీనికి సిపాయిల కట్టడమే ఎందుకు, మంచి కొత్త హాలు కట్టేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. సైనిక భవనాలు అన్నీ ఒకేలా ఉండవు, ముందు అది తెలుసుకోవాలి. కోట ఒక జాతి, బ్యారక్ ఇంకో జాతి. కోటని శత్రువు కోసం కడతారు. గోడ మందం ఎక్కువ, కిటికీలు తక్కువ, బురుజులు, కందకం, లోపలికి రావడానికి ఒకటో రెండో ద్వారాలు. మా కోటకి 1713లో, విజయదశమి రోజున శంకుస్థాపన చేశారని చెబుతారు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, పెద్ద ద్వారం మీద నగారాలు మోగించే నగర్‌ఖానా ఉంటాయి. 1757లో బొబ్బిలి యుద్ధం, 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చిన విజయరామరాజు చనిపోవడం, ఇవన్నీ ఈ గోడలు చూసిన కథలే. పద్మనాభం తర్వాత ఈ ప్రాంతంలో కోటలకి యుద్ధంతో పని దాదాపు అయిపోయింది.

బ్యారక్ అలా కాదు, దాన్ని మన సిపాయి బతకడం కోసం కడతారు. దీని వెనక పెద్ద కథే ఉంది. 1857 తర్వాత ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైన్యం ఆరోగ్యం ఎలా ఉందో చూడమని ఇంగ్లండులో ఒక రాయల్ కమిషన్ వేశారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ దాని వెనక పట్టుబట్టి పని చేసింది. 1863లో నివేదిక వచ్చింది. ఏడాదికి వెయ్యిమంది సిపాయిల్లో సగటున 69 మంది చనిపోతున్నారని, వాళ్లలో ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నది యుద్ధం కాదు, కలరా, విరేచనాలు, జ్వరాలని తేలింది. దాంతో కట్టడం తీరే మారింది. సీలింగు ఎత్తు పెరిగింది, గదికి రెండు పక్కలా వరండాలొచ్చాయి, ఎదురెదురు కిటికీలొచ్చాయి, వంటిల్లు వేరుగా, స్నానాల గదులు వేరుగా పెట్టడం మొదలైంది. ఒక మనిషికి ఎంత గాలి కావాలో లెక్కలేసి మరీ కట్టారు. ఇప్పుడు చిత్రకారుడికి కావలసినవి చూడండి. వెలుతురు, ఎత్తు, గాలి, పెద్ద తలుపు, అడ్డం లేని పొడవాటి గది, చాలామందికి సరిపడే వంటిల్లు, నీళ్లు. అప్పుడు సిపాయిల కోసం వేసిన లెక్కే ఇప్పుడు ఇక్కడ అక్కరకొచ్చింది.

మా ఊళ్లో కంటోన్మెంట్ అన్న పేరు ఇంకా వాడుకలో ఉంది, ఆటో ఎక్కి కంటోన్మెంట్ అంటే చాలు, దింపేస్తారు. అక్కడ ఒకప్పుడు పటాలం ఉండేదన్న సంగతి మాత్రం పిల్లలకి తెలీదు. ఇంకో చిత్రం కూడా చెప్పాలి. కోరుకొండలో విజయనగరం రాజుల ప్యాలెస్ 1962లో సైనిక్ స్కూల్ అయింది. అంటే కట్టడం ఒక పని నుంచి ఇంకో పనికి మారడం మనకి కొత్త కాదు. కోటలోపల కాలేజీలు పెట్టి వేలమంది ఆడపిల్లల్ని చదివించిన ఊరు ఇది. ఆ కాలేజీల్ని కదిలించమని నేను అనడం లేదు. అవి ఉండగానే ఓ మూల ఖాళీగా ఉన్న గదులకో, జిల్లాలో ఇంకెక్కడైనా సర్కారు పాత కట్టడానికో ఈ ఆలోచన పనికొస్తుంది అంటున్నాను.

ఇప్పుడు మరమ్మతు సంగతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పాలి.

నేను చిన్నప్పుడు చదువుకున్న బడి పాతకాలం భవనంలో ఉండేది. ఓ ఏడాది బాగుచేయిస్తున్నాం అని పాత పూత అంతా కొట్టేసి, సిమెంటు ప్లాస్టరింగు చేసి, పైన మెరిసే ఆయిల్ పెయింటు వేశారు. ప్రారంభోత్సవం రోజు తళతళలాడింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు ఉబ్బి, పెయింటు బుడగలు కట్టి, వేలు పెడితే పెచ్చుకి పెచ్చు ఊడొచ్చేది, దాని వెనక తెల్లగా పిండిలాంటి ఉప్పు కనబడేది. పాత ఇటుక కూడా పొడి రాలడం మొదలెట్టింది. వందేళ్లు నిలబడ్డ గోడ రెండేళ్లలో ఇలా ఎందుకైంది అని మా వీధిలో ఉండే ముసలి తాపీమేస్త్రిని అడిగితే, "ఏటి బాబూ, గోడకి ఊపిరాడక్కర్లేదేటి?" అన్నాడు. అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాత గోడల్లో ఉన్నది సున్నం. రాయినో గుల్లనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, గోతిలో నెలల తరబడి మాగబెట్టి, ఇసకతో కలిపి, ఎద్దులు తిరిగే గానుగలో వేసి నలగ్గొట్టేవాళ్లు. అందుకే గానుగ సున్నం అన్నారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయలు నానేసిన నీళ్లు పోయడం మన వైపు మేస్త్రీలకి మామూలే. గోడ కట్టాక ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుంటూ ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. అంత గట్టిపడినా అందులో సన్నటి రంధ్రాలుంటాయి. నేలలోంచి గోడలోకి ఎక్కిన తేమ ఆ రంధ్రాల్లోంచి బయటికి ఆరిపోతుంది. పాత కట్టడాలకి పునాదిలో ఇప్పటిలా తేమని ఆపే పొర ఉండదు, ఆ ఆరిపోవడమే దానికి బదులు. దాని మీద సిమెంటు వేస్తే దారి మూసుకుపోతుంది. నీళ్లు లోపలే ఇరుక్కుని ఇంకా పైకి ఎక్కుతాయి. వాటితోపాటు వచ్చిన లవణాలు ఆరేచోట గడ్డకట్టి ఉబ్బి, ఇటుకని లోపలి నుంచి పగలగొడతాయి. మా బడి గోడలో నేను చూసిన తెల్లపిండి అదే.

కాబట్టి మరమ్మతు అంటే కొత్తగా మెరిపించడం అని అనుకోకూడదు. ఏది పాడైందో దాన్నే, పాతది ఏ వస్తువుతో కట్టారో దాంతోనే, ఎంత అవసరమో అంతే. 1964లో వెనిస్‌లో రాసుకున్న అంతర్జాతీయ ఒప్పందం కూడా దగ్గరదగ్గర ఇదే చెబుతుంది. పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చే దేనికైనా వాడటం మంచిదే, వాడితేనే అది బతుకుతుంది, కాకపోతే ఆ వాడకం కోసం దాని కట్టుబడినీ అలంకరణనీ మార్చకూడదు అంటుంది. మొదటి పనీ రెండో పనీ కలిసేది ఇక్కడే. ఫంక్షన్ హాల్ అంటే ఏసీలు కావాలి, ఫాల్స్ సీలింగు కావాలి, మధ్యగోడలు తీసెయ్యాలి. హోటల్ అంటే గదిగదికీ బాత్రూము, అంటే వందేళ్ల గోడలో నలభై చోట్ల పైపులకి కన్నాలు. విడిదికి ఇవేవీ అక్కర్లేదు. పొడవాటి గది పొడవుగానే ఉంటే మంచిది. స్నానాల గదులు ఒకేచోట ఉన్నా సర్దుకుంటారు. గోడ మీద మరక ఉంటే దాన్ని చూసి బొమ్మ వేసేవాళ్లే వస్తారు కాబట్టి మరకని దాచే పని లేదు. కట్టడాన్ని అతి తక్కువగా కష్టపెట్టే వాడకం ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఇందులో ప్రమాదాలు లేవని కాదు. చెక్క దూలాలున్న మిద్దె కింద టర్పెంటైన్ సీసాలు, హీటర్లు, వెల్డింగు పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సున్నం గోడకి డ్రిల్లు పెట్టనివ్వకూడదు, బొమ్మలు తగిలించుకోవడానికి గోడకి ఆనకుండా నిలబడే చెక్క ఫ్రేములు ఇవ్వాలి. మట్టి కాల్చే బట్టీ బయట షెడ్డులో ఉండాలి. మా వైపు తుపానుల సంగతి మరీ ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం మీద తిత్లీ ఏం చేశాయో చూశాం. ఆ నెలల్లో కిటికీలకి గట్టి చెక్క తలుపులు లేకుండా, కాన్వాసులూ కాగితాలూ వీణలూ ఉన్న గదుల్ని నమ్ముకోలేం. చాతుర్మాస్యం లాగా ఓ రెండు మూడు నెలలు విడిది మూసేసి, అప్పుడే మరమ్మతు లెక్కలు చూసుకోవడం మేలు.

సరే, మనిషి సంగతికి వద్దాం. రెసిడెన్సీ అంటే మన దగ్గర చాలామందికి వర్క్‌షాపో, ఎగ్జిబిషనో గుర్తొస్తుంది. మూడు రోజుల శిబిరం పెట్టి, ముప్పైమంది చేత ముప్పై బొమ్మలు వేయించుకుని, ఆ బొమ్మలన్నీ నిర్వాహకులే ఉంచుకోవడం మనకి బాగా అలవాటైన పద్ధతి. అది విడిది అనిపించుకోదు. విడిదిలో ఇచ్చేది సమయం. వచ్చిన మనిషి మొదటి రెండు వారాలు ఊరికే నడిచి తిరిగినా, ఏమీ పూర్తి చెయ్యకుండా వెళ్లిపోయినా తప్పు పట్టకూడదు. ఎందుకంటే అక్కడ పుట్టిన ఆలోచన మూడేళ్ల తర్వాత ఎక్కడో పని అవుతుంది. ఈ ముక్క ఆడిట్ చేసేవాళ్లకి చెప్పడం కష్టం, అయినా ముందే రాతలో పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత ఎన్ని బొమ్మలొచ్చాయి అనే లెక్క ఒక్కటే మిగులుతుంది.

దీన్ని రాజుల ఆస్థానంతో కలిపి చూసేవాళ్లున్నారు. కొంత పోలిక నిజమే. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది మా ఊళ్లోనే. గురజాడ సంస్థానంలో ఉద్యోగి. కాకపోతే ఆస్థానంలో ఉన్నవాడు ప్రభువుకి కట్టుబడి ఉండాలి, అది జీవితాంతం. విడిది అలా ముడెయ్యదు. గడువు ఉంటుంది, అది తీరాక ఎవరి దారి వాళ్లది, ఎవరినీ పొగడాల్సిన పని లేదు.

నాకు ఆస్థానం కంటే ఇంకో దగ్గరి పోలిక కనిపిస్తుంది. 1919లో మా ఊళ్లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు ఇరవైల్లో ఉండగానే వయొలిన్ ఆచార్యుడై వచ్చి తర్వాత తానే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కాలేజీలో చదువుకోవడానికి కృష్ణా జిల్లా నుంచి ఓ కుర్రాడు వచ్చాడు, చేతిలో డబ్బుల్లేవు. జోలె పట్టి ఇంటింటికీ తిరిగి మధూకరం తెచ్చుకుని తిని పాట నేర్చుకున్నాడు. ఆయనే ఘంటసాల. ఈ కథ మా వైపు అందరికీ తెలుసు, కానీ మనం దాన్ని ఆయన పట్టుదల కథగానే చెప్పుకుంటాం. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. వాళ్లు సంగీతం వచ్చినవాళ్లు కానక్కర్లేదు, ఆ కుర్రాడు రేపు ఏమవుతాడో వాళ్లకి తెలీదు. పూట పూటకీ ఒక గరిటెడు అన్నం, ఇంత పప్పు. వారాలిచ్చి చదివించడం, మధూకరం వెయ్యడం, ఊరు ఊరంతా కలిసి నడిపిన విడిది అది. హెడ్‌ల్యాండ్స్‌లో ఆ మెస్సు చుట్టూ అంత పని ఎందుకు చేశారో, ఈ కథ తెలిసిన మా ఊరివాళ్లకి వేరే వివరించక్కర్లేదు.

అందుకే నేను ఎవరైనా ఇలాంటిది మొదలుపెడతామంటే అడిగేది ఒక్కటే, వంటిల్లు ఎక్కడ? క్యాటరింగు ప్యాకెట్లు తెప్పిస్తాం అంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు. ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలకి ఆ వంటిల్లు అప్పజెప్పి, సరైన జీతాలిచ్చి, వారానికోసారి ఊళ్లోవాళ్లు నలుగురైదుగురు వచ్చి ఆ బల్ల దగ్గరే తినేలా పెట్టాలి. టీచరు, తాపీమేస్త్రి, తప్పెటగుళ్లు ఆడే మనిషి, డిగ్రీ చదివే అమ్మాయి. బయటి నుంచి వచ్చినవాళ్లకి ఊరు తెలిసేది అలాగే. అప్పుడు ఊరికి కూడా ఆ గోడల వెనక ఏం జరుగుతోందో తెలుస్తుంది.

బయటివాళ్లు వచ్చి చేసే మేలు, చేసే నష్టం రెండూ ఉన్నాయి. టెక్సస్‌లో మార్ఫా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి ఫోర్ట్ డి.ఎ. రసెల్ అనే సైనిక స్థావరంలో రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఖైదీల్ని ఉంచారు. డొనాల్డ్ జడ్ అనే శిల్పి అక్కడి రెండు ఫిరంగి షెడ్లలో నూరు అల్యూమినియం పెట్టెలు పెట్టాడు. పాత గ్యారేజీ తలుపుల స్థానంలో పెద్ద అద్దాలు బిగించాడు, కారే చదును కప్పు మీద వంపు తిరిగిన రేకు కప్పు వేశాడు. 1986లో చినాటి ఫౌండేషన్ తెరిచారు, అక్కడా కళాకారులకి విడిది ఉంది. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఖైదీలున్న కాలంలో గోడ మీద జర్మన్‌లో రాసిన హెచ్చరికల్ని జడ్ చెరపలేదు. అందులో ఒకటి, తల పోగొట్టుకోవడం కన్నా తలని వాడుకోవడం మేలు అని. మెరిసే అల్యూమినియం చూస్తూ చూస్తూ తల తిప్పితే ఆ అక్షరాలు కనబడతాయి. కట్టడం ఎవరిని బంధించిందో మర్చిపోనివ్వదు. ఇది మేలు. నష్టం ఏమిటంటే, ఆ ఊరికి పేరొచ్చాక డబ్బున్నవాళ్లు వచ్చి ఇళ్లు కొన్నారు, ధరలు పెరిగాయి, మట్టి ఇళ్లలో తరతరాలుగా ఉన్న కుటుంబాలకి పన్నులు బరువయ్యాయి.

సింగపూర్‌లో గిల్‌మన్ బ్యారక్స్ ఇంకో రకం పాఠం. 1936లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన బ్యారక్‌లని 2012లో ఆర్ట్ గ్యాలరీల ప్రాంతంగా తెరిచారు. సర్కారు పూనుకుంది, భవనాలు చక్కగా ఉన్నాయి. కానీ బొమ్మలు అమ్మే షాపులు నడవాలంటే కొనేవాళ్లు రావాలి, అనుకున్నంతమంది రాలేదు, 2015లో కొన్ని గ్యాలరీలు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. అమ్మకం మీద నిలబెట్టింది అమ్మకం తగ్గితే కూలుతుంది. మనవాళ్లు ఎవరైనా ముందు షాపులు పెట్టి అద్దెల మీద కళాకారుల్ని పోషిస్తాం అంటే ఈ కథ గుర్తుచెయ్యండి.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఫిన్లండ్‌లో హెల్సింకి ఎదురుగా సముద్రంలో ఉన్న సువోమెన్‌లిన్నా. 1748లో స్వీడన్‌వాళ్లు ఆ దీవుల మీద కోట కట్టడం మొదలుపెట్టారు, 1808లో రష్యన్లు తీసుకున్నారు, 1918లో ఫిన్లండ్‌కి వచ్చింది, 1991లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అంతటి కోటలో ఇప్పటికీ సుమారు 800 మంది మామూలు జనం కాపురాలుంటున్నారు. కోటని చూసుకునే సర్కారు సంస్థే ఇళ్లు అద్దెకిస్తుంది. 1998లో మొదలైన ఒక సంస్థ అక్కడే బయటి దేశాల కళాకారులకి విడిది నడుపుతోంది. మరమ్మతు పనుల్లో ఆ దీవి మీదే ఉన్న ఓపెన్ జైలు ఖైదీలు కూడా ఉన్నారు, జీతానికి పని చేస్తూ పనీ నేర్చుకుంటారు. మరమ్మతు అంటే ఒకసారి చేసేసి రిబ్బను కత్తిరించే పని కాదు, ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఎక్కడో ఒక రాయి సర్దుతూనే ఉంటారు.

ఇక చట్టం, డబ్బు. ముందు తెలుసుకోవలసింది ఆ కట్టడం ఎవరిది అని. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే 1958 చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. రాష్ట్ర రక్షణలో ఉంటే మన రాష్ట్రానికి 1960 నాటి వేరే చట్టం ఉంది. ట్రస్టుదో, రెవెన్యూ శాఖదో, రక్షణ శాఖదో అయితే దారులు వేరు. ఏ జాబితాలోనూ లేని పాత కట్టడాన్ని మాత్రం కూల్చేస్తామంటే ఏ అడ్డూ ఉండదు, అదే భయం. మా ఊరి మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో కూల్చేసినప్పుడు జనం ఎంత బాధపడ్డారో గుర్తుంది. అలాంటివాటికి మంచి వాడకం ఒకటి దొరికితే, వాడుకునేవాళ్లే వాటికి కాపలా అవుతారు.

డబ్బు విషయంలో హెడ్‌ల్యాండ్స్ పద్ధతే మనకి దగ్గర. కట్టడం సర్కారు చేతిలోనే ఉంటుంది, దీర్ఘకాలం లీజు ఒక లాభాపేక్ష లేని సంస్థకి. పైకప్పు, గోడల బాధ్యత ఎవరిది, కరెంటు బిల్లు ఎవరిది అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. వచ్చేవాళ్ల దగ్గర అద్దె తీసుకోకూడదు, పైగా కొంత ఖర్చులకి ఇవ్వాలి. లేకపోతే ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లే వస్తారు, మన పల్లెల నుంచి ఎదిగిన పిల్లలు రాలేరు.

ఎవర్ని పిలవాలి అన్నదానికి నా జవాబు, ఇక్కడ ఉన్నదాన్ని చూసి పిలవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దుని తొలిచి ఒకే చెక్కతో వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి నూలు తీసే ఆడవాళ్లున్నారు. ఒకసారి దగ్గర కూర్చుని చూడండి, ఆ ఎముక పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే, గింజకి అంటుకున్న పోగులు వాటి మధ్యలోంచి జుట్టు చిక్కు తీసినట్టు విడిపోతాయి. ఎక్కడో చెన్నైలోనో బెర్లిన్‌లోనో శబ్దాలతో పని చేసే మనిషి గొల్లపల్లిలో ఉలి చప్పుడు మధ్య నెల కూర్చుంటే ఏం వింటాడో ముందే చెప్పలేం. కాకపోతే ఆ నెలంతా తన పని ఆపి చూపించిన వడ్రంగికి రోజు కూలి కన్నా ఎక్కువే ముట్టాలి, తర్వాత బయటికొచ్చిన పనిలో అతని పేరు ఉండాలి. అతనికి కూడా అదే విడిదిలో ఒక గది ఉండాలి. ఊళ్లో కళాకారుడు సమాచారం ఇచ్చేవాడిగా, బయటివాడు కళాకారుడిగా మిగిలిపోతే నేను దానికి ఒప్పుకోను.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఏడాదికి పన్నెండుమంది చాలు. కానీ ఒక్కటి మాత్రం అన్నిటికన్నా ముందు చెయ్యాలి, ప్లాను గీయకముందే, పేరు పెట్టకముందే. భవనం వెనక ఓ మూల చూసుకుని సున్నం గొయ్యి తవ్వించాలి. సున్నం ఎంత మాగితే అంత మంచిదని మా మేస్త్రి అనేవాడు, కనీసం ఆరు నెలలైనా నీళ్ల కింద ఉండాలట. ఆయన లెక్కలో గోతిలోంచి తీసిన ముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే వెన్నలా జారాలి, ఎక్కడా గరుకు తగలకూడదు. ఆ ఆరు నెలల్లో కాగితాల పని చూసుకోవచ్చు, వంట చేసేవాళ్లని వెతకొచ్చు, మొదటి ఉత్తరం ఎవరికి రాయాలో తేల్చుకోవచ్చు.